మీ మొక్కలు మాకు వద్దు

మా అమ్మాయి నా ఫోన్‌లో ఏదో యాప్ పెట్టింది. అమ్మకాల కాల్స్ వస్తే మోగకుండానే ఆగిపోతాయట. రెండు రోజులు ఉంచి మూడో రోజు తీయించేశాను. ఆ సంగతి మన గ్రూపులో చెబితే అందరూ నవ్వారు. "లోన్ కావాలా అని అడిగేవాళ్ళతో కూడా ఐదు నిమిషాలు మాట్లాడతావేంటి పెదబాబూ" అన్నారు. నవ్వండి, తప్పులేదు. ఎందుకో చెప్పాలంటే మాత్రం తొంభై ఏడు నవంబరు నుంచి తొంభై ఎనిమిది ఏప్రిల్ దాకా చోడవరంలో మా ఇంట్లో గడిచిన సీజన్ గురించి చెప్పాలి. కొంచెం పెద్దదే. టైపింగులో తప్పులుంటే సర్దుకోండి.

సీజన్ అంటే మాకు ఒకటే, ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలం. మా నాన్న సత్యారావు చక్కెర ఫ్యాక్టరీలో పాన్ మేన్. చెరుకు పాకం చిక్కబడి గింజ కట్టే పెద్ద పాత్రని పాన్ అంటారు. గింజ సరిగ్గా కట్టిందో లేదో చూసి, పాన్ ఎప్పుడు దింపాలో చెప్పడం ఆయన పని. రాడ్డుతో కాస్త బయటికి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, తీగ ఎంత సాగుతుందో చూసేవాడు. తర్వాత జేబులోంచి చిన్న అద్దం ముక్క తీసి దాని మీద పూసి బల్బు వెలుగుకి పట్టేవాడు. ముప్పై నాలుగు సీజన్లు అదే పని. ఆ వచ్చే ఏప్రిల్ ముప్పైకి యాభై ఎనిమిది నిండి రిటైరవుతాడు.

రిటైర్మెంట్ అంటే మిగతావాళ్ళకి శాలువా, దండ, ఫొటో. మా నాన్నకి మాత్రం భయం. "ఇంట్లో కూసుంటే ఏళ్ళు సచ్చిపోతాయిరా" అనేవాడు, చేతి వేళ్ళు చూసుకుంటూ. ఆయనకున్న ఆశ ఒక్కటే. మూడేళ్ళ క్రితం దాకా ఇక్కడ చీఫ్ కెమిస్టుగా చేసిన గౌరీశంకర్ గారు నెల్లూరు వైపు ఏదో కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు నాన్న భుజం మీద చెయ్యేసి, "సత్యారావ్, నీ రిటైర్మెంటు టైముకి ఉత్తరం రాస్తాను. వచ్చి మా కుర్రాళ్ళకి పాన్ నేర్పుదువు గాని" అన్నారు. ఆ ఉత్తరం కోసం నాన్న ఎదురుచూస్తున్నాడు. బట్టలు సర్దుకోలేదు గాని, అంతదాకా వచ్చాడు.

సారు ఉత్తరం రాలేదు. వేరే ఉత్తరాలు మొదలయ్యాయి.

ఆ ఏడు రిటైరయ్యే వాళ్ళ పేర్లూ అడ్రసులూ బయటివాళ్ళ చేతికి ఎలా చేరాయో ఎవరికీ తెలియదు. డిసెంబరు మొదటి వారంలో పోస్ట్‌మేన్ మా గుమ్మంలో సైకిల్ ఆపి, "సత్యారావు గారూ, మీకేనండి. రంగుల కవరు" అన్నాడు. నాన్న నైట్ డ్యూటీ దిగి అన్నం తింటున్నాడు. ఎడమ చెయ్యి లుంగీకి తుడుచుకుని కవరు అందుకుని, వెనకా ముందూ చూసి నాకిచ్చాడు.

"సారు రాతేనేట్రా?"

"కాదు నాన్నా. అచ్చేసిన కాయితం."

"ఏటి రాసేరు?"

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకప్పుడు ఇరవై నాలుగు. రావికమతం రోడ్డులో సైకిళ్ళు, లూనాలు బాగుచేసే షాపు ఉండేది. పదో తరగతి పరీక్షలన్నీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పాను. ఏ సబ్జెక్టులో పోయిందని నాన్న అడిగితే లెక్కల్లో అని చెప్పాను. నిజానికి పోయింది ఇంగ్లీషులో. లెక్కలు రానివాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, అందుకని అలా చెప్పాను. దాంతో నాన్న ఫ్యాక్టరీలో అందరికీ "మా పెదబాబుకి లెక్కలే రావు గాని ఇంగ్లీసు బాగా వొచ్చు" అని చెప్పుకునేవాడు. ఏడేళ్ళుగా ఆ మాట అలాగే నడిచిపోయింది.

కాయితం విప్పాను. బోలెడన్ని చెట్ల బొమ్మలు. కింద ఒక ముసలాయన నవ్వుతున్నాడు.

"టేకు సెట్లంట నాన్నా. మనం డబ్బు కడితే ఆళ్ళు సెట్లేసి పెంచుతారంట. ఇరవై ఏళ్ళకి కొట్టుకోమంటన్నారు."

"ఇరవై ఏళ్ళకి నాకు డెబ్బై ఎనిమిది" అన్నాడు నాన్న. "ఆళ్ళకి నా వయసు తెలీదు కాబోలు. జవాబు రాయి."

"దీనికి జవాబేటి నాన్నా? ఇలాంటివి అందరికీ పంపుతారు."

"అందరికీ పంపితే నా పేరెందుకుంటాది? సూడు, ఇంటిపేరుతో సహా రాసేడు. పేరెట్టి రాసినోడికి జవాబియ్యకపోతే ఆడు ఎదురు సూస్తాడు కదరా. ఉత్తరం కోసం ఎదురు సూడ్డం ఏటో నాకు తెల్సు."

మా అమ్మ మంగాయమ్మ పులుసు వడ్డిస్తూ, "తినీసి సెప్పండి, ఆ కంపెనీ మేనేజరేం పారిపోడు" అంది.

నాన్న తిన్నాక చెప్పాడు, నేను రాశాను. తెలుగులోనే. కంపెనీ మేనేజరు గారికి సత్యారావు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. మీ చెట్లు మాకు వద్దు. శ్రమ తీసుకుని రాసినందుకు సంతోషం.

ఆ కాయితంతోపాటే స్టాంపు అంటించక్కర్లేని జవాబు కవరు ఒకటి వచ్చింది. నాన్న దాని మీద కూడా స్టాంపు అంటించాడు. "మనం వొద్దంటన్నాం. పైన ఆళ్ళ చేత స్టాంపు డబ్బులు కట్టించడం ఏం మర్యాద?" అన్నాడు. పూర్తి అడ్రసు ఉండాలని కింద ఫోన్ నంబరు కూడా రాయించాడు.

ఆ నంబరు మాది కాదు. మాకు ఎదురుగా షంషాద్ అత్త ఎస్టీడీ బూత్ ఉండేది. అప్పట్లో ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు దగ్గర్లో ఉన్నవాళ్ళ నంబరిచ్చి పక్కన పీపీ అని రాసేవారు. ఫోన్ వస్తే వాళ్ళు కేకేస్తారు, మనం పరిగెత్తాలి. షంషాద్ అత్త అంటే మాకు చుట్టం కాదు, నాన్నని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. అనకాపల్లిలో ఇంటర్ దాకా చదువుకుంది. ఆ గదిలోనే ఒక పక్క ఆమె భర్త షరీఫుద్దీన్ మావయ్య కుట్టుమిషన్.

జవాబు రాస్తే అవతలివాడు ఊరుకుంటాడని నాన్న అనుకున్నాడు. జవాబు రాసే మనిషి దొరికాడని అవతలివాడు అనుకున్నాడు. జనవరికి వారానికి నాలుగైదు కవర్లు. నాకు చదవడం కూడా తేలికైపోయింది. చెట్లుంటే టేకు. గొడుగు కింద మొగుడూ పెళ్ళాం ఉంటే ఇన్సూరెన్సు. కొబ్బరిచెట్టూ నీళ్ళ తొట్టీ ఉంటే ఏడాదికి వారం రోజులు ఉండే గెస్ట్‌హౌసు. బొమ్మ చూసి కాస్త కలిపి చెప్పేవాణ్ణి. నాన్న కళ్ళు మూసుకుని వినేవాడు. అన్నిటికీ జవాబు రాసేవాళ్ళం. కాయితాలు నున్నగా ఉంటాయని అమ్మ వాటిని వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచేది.

తర్వాత ఫోన్లు.

"అన్నయ్యా, ఫోన్! వైజాగ్ నుంచి!" అని షంషాద్ అత్త కేకేస్తే నాన్న నిద్రలోంచి లేచి చెప్పుల్లేకుండా రోడ్డు దాటేవాడు. ప్రతిసారీ సారేమో అనుకునే వెళ్ళేవాడు. అవతల ఎవరో డిపాజిట్ల మనిషి. నాన్న పెట్టేసేవాడా? లేదు. "బాబూ, భోంచేసేవా? ఏ ఊరు నాయనా మీది?" అని మొదలుపెట్టేవాడు. బయట ఎస్టీడీ చేసుకోవాల్సిన వాళ్ళు నిలబడి గోడ గడియారం చూస్తుండేవారు.

ఒకరోజు అలా అడిగితే అవతలాయన "రోలుగుంట అండి" అన్నాడట.

"రోలుగుంటా? మరి మన పక్కోడివే కదా! ఆదివారం వొచ్చీ. భోజనానికి వొచ్చీ."

వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎండలో టై కట్టుకుని, చేతిలో సూట్‌కేసు. భోజనానికి కూచునే ముందు టై ముడి విప్పకుండానే కొసని చొక్కా జేబులో దోపుకున్నాడు. అమ్మ కోడి కూర వండింది. మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక సూట్‌కేసు తెరిచి, రిటైరయ్యాక వచ్చే డబ్బంతా తన కంపెనీలో వేస్తే ఎలా పెరుగుతుందో గంటన్నర చెప్పాడు. నాన్న అంతా విని, "బాగా సెప్పేవు బాబూ. మాకు వొద్దు" అన్నాడు.

ఆయన మొహం చూడాలి. "వద్దా? మరి రమ్మన్నారు కదండీ?"

"భోజనానికి రమ్మన్నాను."

ఆయన వెళ్ళాక అమ్మ గిన్నెలు ఎత్తేసింది. "మీది మొహమాటమూ కాదు, మర్యాదా కాదు, రెండూ కలిసిన ఏదో రోగం. రేపు ఇంకోడొస్తాడు, ఎల్లుండి ఇంకోడొస్తాడు. ఏదో ఒకనాడు ఎవుడో ఒకడు మీ సంతకం ఎట్టించీసుకుంటాడు. ఆ డబ్బు పోతే మనం ఏం తింటాం, టేకు ఆకులా?"

"నాను ఎవుడికీ సంతకం ఎట్టనే."

"ఒరే, నువ్వు సెప్పరా."

నేను అమ్మ పక్కే. అప్పుడే అమ్మ రోడ్డు దాటి షంషాద్ అత్త దగ్గరికి వెళ్ళింది. చుట్టాల ఫోన్లు తప్ప ఏదీ నాన్నకి చెప్పొద్దంది. నాన్న కూడా ఎక్కువ వాదించలేదు. "సారు పేరు సెబితే మాత్రం పిలువమ్మా. అయినా సారు ఉత్తరమే రాస్తానన్నారు, ఫోన్ కాదు" అన్నాడు.

షంషాద్ అత్తకి ఆ పని బాగా నచ్చింది. నేను పక్కనుండి విన్నవి చాలా ఉన్నాయి.

"సత్యారావు గారా? డ్యూటీలో ఉన్నారండీ... ఎప్పుడొస్తారా? పాన్ దిగినప్పుడు... పాన్ ఎప్పుడు దిగుతుందా? ఆయన వచ్చినప్పుడండీ." టక్.

"రిటైర్మెంటు గురించా? ఆయన మనసు మార్చుకున్నారండీ, రిటైరవ్వరంట." టక్.

మిషన్ మీదనుంచి షరీఫుద్దీన్ మావయ్య నవ్వేవాడు. "ఈమె గొంతు వింటే కంపెనీలు మూసుకుంటాయి" అనేవాడు. ఫిబ్రవరి నెలంతా హాయిగా గడిచింది.

ఆ నెలాఖర్లో ఒక తెల్ల కవరు వచ్చింది. మామూలు కవరు. లోపల ఒకటే కాయితం, టైపు చేసింది. బొమ్మల్లేవు. ఏం చెప్పాలో తెలియక కాయితమంతా వెతికాను. పైన మూలని ఆకుపచ్చ గుండ్రం, దాని లోపల నిటారుగా నాలుగు కాడలు, పొడుగాటి ఆకులు. కింద పెద్దక్షరాల్లో ఏదో ఆగ్రో ఇండస్ట్రీస్, మద్రాసు. టేకు కంపెనీల పేర్లలో కూడా ఆగ్రో ఉండేది. లోపల నాకు తెలిసిన ముక్కలు మూడు కనబడ్డాయి. కంపెనీ, ఆఫర్, జాయిన్. ఆ మూడూ రంగుల కాయితాల్లో రోజూ చూసేవే.

"సారు రాతేనేట్రా?" నాన్న ఎప్పుడూ అడిగేదే అడిగాడు. ఆ రోజు షిఫ్టులో రెండు పాన్లు వరసగా దింపి వచ్చాడు, వేళ్ళ కొసలు తెల్లగా నాని ఉన్నాయి.

"కాదు నాన్నా. మద్రాసు కంపెనీ. మొక్కలు."

"ఏం మొక్కలు?"

గుండ్రంలోకి ఇంకోసారి చూశాను. "ఎదురు బొంగులు కాబోలు. కొత్త కంపెనీ. బొమ్మలు అచ్చేయించలేదు ఇంకా."

"పాపం" అన్నాడు నాన్న. "రాయి. కంపెనీ మేనేజరు గారికి సత్యారావు నమస్కారాలు..."

ఎప్పటిలాగే రాశాను. మీ ఉత్తరం అందింది. మీ మొక్కలు మాకు వద్దు. అమ్మ వంటింట్లోంచి కలగజేసుకుంది. "కొత్త కంపెనీ అంటన్నావు కదా. ఉసూరుమనకుండా, ఆళ్ళ మొక్కలు బాగా ఎదగాలని ఓ ముక్క రాయి." అదీ రాశాను. నాన్న సంతకం చేశాడు. ఆ సాయంత్రమే పోస్టాఫీసు డబ్బాలో వేశాను. కవరు లోపలికి జారిందో లేదో అని డబ్బా మీద ఒకసారి తట్టాను కూడా.

మార్చి వచ్చింది. వడ్డాది, రోలుగుంట వైపు నుంచి చెరుకు బళ్ళు తగ్గాయి. సీజన్ అయిపోవస్తోంది. నాన్న పోస్ట్‌మేన్ వచ్చేదాకా ఆగలేక తనే వీధి మొదట్లోకి వెళ్ళి నిలబడేవాడు. రంగుల కవర్లు తెచ్చి బల్ల మీద పడేసేవాడు. జవాబులు చెప్పడం కూడా తగ్గించాడు.

"సారు మర్సిపోయేరేటే?" అని ఒకరోజు అమ్మని అడిగాడు.

"పెద్దోళ్ళకి లచ్చా తొంబై పనులు" అంది అమ్మ. నాన్న పీటమీద కూచుని బొటనవేలినీ చూపుడువేలినీ ఊరికే రాసుకుంటున్నాడు.

ఏప్రిల్ మూడో వారం. ఆ రోజే ఆఖరి పాన్. నాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు. నేను బూత్ ముందు షరీఫుద్దీన్ మావయ్య లూనా విప్పి కూచున్నాను. ఫోన్ మోగింది.

"సత్యారావు గారు లేరండీ, డ్యూటీలో..." అని మొదలుపెట్టిన షంషాద్ అత్త ఆగిపోయింది. రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూసింది.

"పెదబాబూ, ఈయనెవరో గాని అమ్మడానికి సెయ్యలేదంటన్నాడు. నిన్నట్నించి రెండుసార్లు సేస్తే నేనే పెట్టీసేనంట."

గ్రీజు చేతుల్తో రిసీవర్ పట్టుకుని, సత్యారావు గారి అబ్బాయినండీ అన్నాను.

"ఎవరు, పెదబాబువా? నేను గౌరీశంకర్‌ని."

"నమస్కారం సార్! నాన్న మీ ఉత్తరం కోసం రోజూ సూస్తన్నారండి."



"ఉత్తరం రాలేదా? మరి జవాబు ఎలా వచ్చింది?"

"ఏం జవాబండి?"

కాయితం విప్పిన చప్పుడు వినబడింది. ఆయన చదివారు. కంపెనీ మేనేజరు గారికి సత్యారావు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మొక్కలు వద్దన్న దగ్గర ఆగి, బాగా ఎదగాలన్న దగ్గర ఇంకోసారి ఆగి, పూర్తిగా చదివారు.

"ఏం మొక్కలయ్యా? మీ నాన్నని పాన్ మేన్‌గా రమ్మని రాయించాను. మా హెడ్డాఫీసు మద్రాసులో, అక్కడివాళ్ళు ఇంగ్లీషులోనే రాస్తారు. మీ జవాబు ఎవరితోనో చదివించుకుని, వద్దన్నాడని రాసుకున్నారు. ఈ కాయితం నా దగ్గరికి నిన్న చేరింది."

"ఇప్పుడు సార్?"

"వేరే ఆయన్ని తీసుకున్నారు. ఒకటో తారీకున చేరాడు. మంచివాడే." ఆ వెంటనే, "ఉత్తరం మీ ఇంట్లో ఎవరు చదివారు?" అన్నారు.

"నేనేనండి."

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

పక్కన కుట్టుమిషన్ ఆగింది.

"రాదండి" అన్నాను.

"సరే" అన్నారాయన. కోప్పడలేదు. "మీ నాన్నకి చెప్పు. నేను మర్చిపోలేదని చెప్పు."

ఇంటికి వెళ్ళి వంటింటి అరల్లో డబ్బాలన్నీ దింపాను. "ఏటి ఎతుకుతన్నావురా?" అని అమ్మ వెనకే తిరిగింది. మూడో అరలో, కందిపప్పు డబ్బా కింద దొరికింది. డబ్బా అడుగు గుండ్రంగా అచ్చుపడింది. పై మూలన ఉన్న ఆకుపచ్చ బొమ్మని గుమ్మం వెలుగులో పట్టి చూశాను. చెరుకు. కణుపులు కూడా వేశారు. చెరుకు బళ్ళ వెనక పరిగెత్తి గడలు లాక్కుని తిని పెరిగినవాణ్ణి, గుర్తుపట్టలేదు.

అమ్మకి చెప్పాను. అమ్మ పప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుండిపోయింది. "మొక్కలు బాగా ఎదగాలని నానే కదరా రాయించేను" అంది.

నాన్న మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. ఆఖరి పాన్‌కి ఫ్యాక్టరీలో వేసిన దండ మెడలో లేదు, సైకిల్ హేండిల్‌కి తగిలించి ఉంది. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేనని తెలిసి, వెనక నిలబడి చెప్పేశాను. సారు ఫోన్ చేశారని, ఉత్తరం ఫిబ్రవరిలోనే వచ్చిందని, ఇది అదేనని. చెంబు నేల మీద పెట్టాడు గాని నా వైపు తిరగలేదు.

"పదిలో పోయింది లెక్కలు కాదు నాన్నా. ఇంగ్లీసు."

"లెక్కలు పాసయ్యేవా?"

"రెండుసార్లూ పాసయ్యేను."

"ఎన్నొచ్చేయి?"

"యాభై రెండు. రెండోసారి అరవై ఒకటి."

"అరవై ఒకటి" అన్నాడు నాన్న. "లెక్కలు రావని ఊరంతా సెప్పేను కదరా."

"సచ్చినోడా, అరవై ఒకటొస్తే నేదని సెప్పడమేట్రా!" అమ్మ అప్పుడు అందుకుంది. ఏడుపూ తిట్లూ కలిసి వచ్చాయి. ఏడేళ్ళ తిట్లు ఒకేసారి తిట్టింది. నా షాపునీ, నా చదువునీ, మద్రాసునీ, నాన్న మర్యాదలనీ. నాన్న తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లేచాడు.

"ఊరుకోయే. ఆ జవాబు ముగ్గురం కలిసే రాసేం." నా చేతిలో కాయితం చూశాడు. "ఇదేనా?"

"ఇదే."

"పద."

రోడ్డు దాటి బూత్‌లోకి వెళ్ళాం. నాన్న స్టూలు మీద కూచుని కాయితం షంషాద్ అత్త ముందు పెట్టాడు. ఆమె కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"రెండుసార్లు పెట్టీసేనన్నయ్యా. మొదటిసారి, రిటైర్మెంటు అనే మాట వినగానే పెట్టీసేను. పేరు కూడా సెప్పనివ్వలేదు."

"నీ తప్పేటమ్మా, నీకు సెప్పిన పని నువ్వు సేసేవు. ఇది సదువు. ముక్క ముక్క సదివి సెప్పు. ఏదీ ఒగ్గీకు."

ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్ని తెలుగులో చెప్పి, మళ్ళీ ఇంకో వాక్యం. మా చీఫ్ కెమిస్టు గారు మీ గురించి చెప్పారు. పాన్ పనిలో మీకు ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉందని తెలిసింది. మొదట రెండు సీజన్లకి మిమ్మల్ని తీసుకోదలిచాం. ఉండడానికి గది ఇస్తాం. పదిహేను రోజుల్లో జవాబు రాయగలరు. షరీఫుద్దీన్ మావయ్య మిషన్ తొక్కడం ఆపేసి వింటున్నాడు. ఎస్టీడీ కోసం వచ్చిన ఇద్దరు గుమ్మం బయటే ఆగారు. నాన్న, ఎప్పుడూ నా ముందు కూచున్నట్టే, కళ్ళు మూసుకున్నాడు.

"ఆకరి మాట మళ్ళీ సదువమ్మా."

"మీరు వచ్చి మాతో ఉంటే మాకు చాలా సంతోషం, అని ఉందన్నయ్యా."

"సారే రాసేరా ఆ ముక్క?"

"సంతకం వేరే వాళ్ళది. ముక్క సారు సెప్పిందే అయ్యుంటాది."

నాన్న తలూపాడు. కాయితం మీద పప్పు డబ్బా గుండ్రాన్ని వేలితో ఒకసారి తడిమి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, అద్దం ముక్క ఉండే జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి సంగతులు ఎక్కువ లేవు. నాన్న నెల్లూరు వెళ్ళలేదు. ఆ పై సీజన్‌లో రావికమతం దగ్గర ఒక రైతు బెల్లం వండించడానికి పిలిస్తే వెళ్ళాడు. బెల్లానికి గింజేంటి, గాడిద గుడ్డు అని విసుక్కుంటూనే ఏడు సీజన్లు వెళ్ళాడు. షంషాద్ అత్త మర్నాటి నుంచి నన్ను పొద్దున్న గంటసేపు బూత్‌లో కూచోబెట్టింది. "ఆ సెట్ల కాయితాలన్నీ అట్టుకురా" అంది. మా ఇంటి అరల్లోంచి తీసిన టేకు, గొడుగు, గెస్ట్‌హౌసు కాయితాలే నా వాచకాలు. నాన్న జవాబుల పుణ్యమా అని ఆరేడేళ్ళు కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఇరవై ఆరో ఏట ఇంగ్లీషు పాసయ్యాను. ముప్పై ఏడు మార్కులు.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ సాయంత్రమే. బూత్ నుంచి తిరిగొచ్చాక నాన్న సైకిల్ హేండిల్ నుంచి దండ తీసి అమ్మకిచ్చి, గుమ్మంలో చాప వేయించుకుని కూచున్నాడు.

"కాయితం, పెన్ను తే."

తెచ్చి చాప మీద పెట్టాను. "నాను రాయను నాన్నా. అత్త సేత రాయిద్దాం."

"తెలుగేకదా. నీకు బాగానే వొచ్చు. రాయి."

కూచున్నాను. గౌరీశంకర్ గారికి సత్యారావు నమస్కారాలు అని నాన్న చెప్పకుండానే రాశాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాశాను. అక్కడ ఆగిపోయాను.

"ఇప్పుడేం రాయమంటావు నాన్నా?"

నాన్న రోడ్డు వైపు చూస్తున్నాడు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ రావడం లేదు.

"మీ ఉత్తరం అందింది, అని రాయి."

రాశాను.

"ఇంకా?"

"ముందు అది సరిగ్గా రాసేవా సూసుకో" అన్నాడు. "ఏదీ, పైకి సదువు."